‘ఏం కాదులే’తో తీరని అనుమానం: ఓసీడీలో భరోసాకీ సెల్ఫ్ కోచింగ్‌కీ మధ్య గీత

ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్: వద్దన్నా తిరిగొచ్చే అనుమానాలు, వాటిని తీర్చుకోవడానికి పదేపదే చేసే పనులు) ఉన్న మనిషి ఇంట్లో మందుబిళ్ళల కంటే ఎక్కువగా వాడే మాట ఒకటుంది: "ఏం కాదులే." అమ్మ అంటుంది, భర్త అంటాడు, ఫోన్‌లో అక్క అంటుంది. విన్నవాళ్ళకి కాసేపు ప్రాణం కుదుటపడుతుంది. తర్వాత మళ్ళీ అదే ప్రశ్న. ఇంట్లోవాళ్ళు విసుక్కుని "ఎన్నిసార్లు చెప్పాలి నీకు" అంటారు. విసుక్కున్నందుకు పాపం అనిపించి మళ్ళీ చెబుతారు.

చికిత్స మొదలయ్యాక సైకాలజిస్టులు ముందుగా చెప్పే విషయాల్లో ఈ భరోసా అడగడం తగ్గించుకోమన్నది ఒకటి. ఇంకొకర్ని అడిగే బదులు మీకు మీరే చెప్పుకుని ముందుకు నడవండి, అదే సెల్ఫ్ కోచింగ్, అంటారు. వినడానికి తేలిగ్గానే ఉంటుంది. చేసేటప్పుడు చాలామంది ఇక్కడే చిక్కుపడతారు. అమ్మ చెప్పే "ఏం కాదులే" జబ్బుని పెంచేదయితే, నాకు నేను చెప్పుకునే "ఏం కాదులే" మేలు ఎలా చేస్తుంది?

చెయ్యదు. నోరు మారినంత మాత్రాన మాట మారిపోదు. మరి సెల్ఫ్ కోచింగ్ అంటే ఏమిటో తెలియాలంటే, ముందు భరోసా లోపల ఏం చేస్తుందో చూడాలి.

కాలవ గట్టు మీద కుదుపు

ఒక ఉదాహరణ అనుకుందాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు, ఈ జబ్బులో తరచూ కనపడే లక్షణాలను కలిపి అల్లింది. భీమవరం దగ్గర ఒక ఊళ్ళో పాతికేళ్ళ కుర్రాడు. రొయ్యల చెరువు దగ్గర రాత్రి కాపలా ఉంటాడు, చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగకుండా చూసుకుంటాడు. తెల్లవారుజామున బండి మీద కాలవ గట్టు వెంట ఇంటికొస్తాడు. ఒక పక్క నిండుగా పారే కాలవ, ఇంకో పక్క కొబ్బరిచెట్లు. ఆ గట్టు మీద గోతులకు లెక్క లేదు. చక్రం ఒక గోతిలో పడి బండి కుదిపేస్తుంది. సరిగ్గా అప్పుడే ఒక ఆలోచన తగులుతుంది: "ఎవరినైనా గుద్దేశానా? కాలవలో పడిపోయారా?"

వెనక్కి వెళ్ళి చూస్తాడు. ఎవరూ ఉండరు. కొంచెం దూరం వచ్చాక, చీకట్లో సరిగ్గా చూశానా అని మళ్ళీ వెళ్తాడు. ఇంటికొచ్చి ముందు చక్రం మీద మరకలున్నాయేమో ఫోన్ లైటు వేసి చూస్తాడు. "నాన్నా, మనిషిని గుద్దితే మనకి తెలుస్తుంది కదా?" అంటాడు. "తెలీకుండా ఎలా ఉంటుందిరా, పడుకో" అంటాడు తండ్రి. పొద్దున్న పేపర్లో జిల్లా పేజీ అంతా వెతుకుతాడు, ఊరి వాట్సాప్ గ్రూపులో ఎవరైనా కనపడట్లేదన్న కబురుందేమో చూస్తాడు. ఎండాకాలం దాళ్వా (రెండో పంట) కోతలయ్యి కాలవలు కట్టేస్తే ఇక పడిపోవడానికి నీళ్ళే లేవు కదా అని ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. అప్పుడు ఆ అనుమానం గట్టు కింద తుప్పల్లోకి మారుతుంది.

ఆ మొదటి ఆలోచన జబ్బు కాదు. 1978లో రాక్‌మన్, శ్రీలంక మూలాలున్న పద్మల్ డి సిల్వా అనే ఇద్దరు సైకాలజిస్టులు, ఏ మానసిక సమస్యా లేని మామూలు జనాన్ని అడిగి చూశారు. ఎక్కువమంది ఇలాంటి అడ్డగోలు ఆలోచనలు తమకూ వస్తుంటాయనే చెప్పారు. 2014లో 13 దేశాల్లో 777 మంది కాలేజీ విద్యార్థుల మీద అచ్చయిన మరో అధ్యయనంలో, గడిచిన 3 నెలల్లో ఇలాంటి ఆలోచన ఒక్కటైనా వచ్చిందన్నవాళ్ళు నూటికి 94 మంది దాకా తేలారు. రైలు వస్తుంటే దూకేస్తే ఎలా ఉంటుంది, చంకలో బిడ్డని జారవిడిస్తే ఏమవుతుంది, గుళ్ళో ఉండగా నోట బూతు వస్తే ఏంటి గతి. ఇవన్నీ మనుషుల బుర్రల్లో తిరిగేవే. చాలామందికి వచ్చి పోతాయి.

ఓసీడీలో ఆ ఆలోచన పోదు, ఎందుకంటే అది వచ్చినందుకు పెద్ద అర్థం కట్టబడుతుంది. బ్రిటిష్ సైకాలజిస్ట్ పాల్ సాల్కోవ్‌స్కిస్ 1985లో ఈ ముడిని బాగా పట్టుకున్నారు. ‘నాకు తట్టిందంటే ఆపాల్సిన బాధ్యత నాదే, ఆపకపోతే పాపం నాదే’ అనుకోవడం దగ్గర టెన్షన్ పుడుతుంది. అక్కడినుంచి మనిషి నూటికి నూరుపాళ్ళ నిశ్చయం కోసం వెతకడం మొదలెడతాడు. కడిగి చూస్తాడు, తిరిగి చూస్తాడు, అడిగి చూస్తాడు.

భరోసా అడగడం కూడా కడగడం లాంటి ఒక కంపల్షనే, అంటే గుబులు దించుకోవడానికి చెయ్యకుండా ఉండలేని పనే. చేతులకి బదులు నోటితో చేసేది. అందుకే బయటివాళ్ళ కంట పడదు.

తోడేకొద్దీ ఉప్పు

అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రానికి దగ్గర ఊళ్ళలో బోరు వేయించినవాళ్ళకి తెలుసు. ఇసకలో మంచినీళ్ళు పలచటి పొరలా ఉప్పునీటి మీద తేలుతుంటాయి. అవసరం మేరకు తోడుకుంటే సరే. మోటరు ఆపకుండా తోడితే కింది ఉప్పునీరు పైకొచ్చేస్తుంది. భరోసా పని చేసే తీరు ఇంతే. అడగ్గానే దొరికే ఉపశమనం నిజమైనదే, అందులో అబద్ధం లేదు. దాన్ని పదేపదే తోడుకోవడమే అనుమానాన్ని పైకి లాగుతుంది.

ఎందుకలా? ఒక కారణం, మెదడు నేర్చుకునే పద్ధతి. టెన్షన్ వచ్చింది, అడిగాను, తగ్గింది. అంటే అది నిజంగా ప్రమాదమే, అడగబట్టి బతికాను అని మెదడు రాసిపెట్టుకుంటుంది. అడగకపోయినా ఆ టెన్షన్ దానంతట అదే తగ్గేదేమో, తగ్గకపోయినా భరించగలిగేవాడినేమో అన్నది తెలుసుకునే అవకాశమే రాదు.

రెండోది నాకు ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. 2003లో నెదర్లాండ్స్‌కి చెందిన మార్సెల్ వాన్ డెన్ హౌట్, మెరెల్ కింట్ అనే పరిశోధకులు కంప్యూటర్ తెర మీద గ్యాస్ స్టవ్ బొమ్మ పెట్టి, ఆరోగ్యంగా ఉన్న విద్యార్థుల చేత దాన్ని 20 సార్లు వెలిగించి, ఆర్పి, ఆరిందో లేదో చూసుకోమన్నారు. చివరిసారి ఏయే బర్నర్లు చూశారో అడిగితే జవాబులు తప్పేమీ పోలేదు. కానీ ఆ జ్ఞాపకం మసకబారింది, దాని మీద నమ్మకం పడిపోయింది. మధ్యలో స్టవ్‌కి బదులు బల్బులు చూసుకున్నవాళ్ళకి అలా జరగలేదు. తర్వాత కెనడాలో నిజం వంటింటి స్టవ్‌తో చేసినా ఇదే వచ్చింది. అంటే ఏ జబ్బూ లేని మనిషి చేత పదేపదే రెగ్యులేటర్ చూపిస్తే, అతనూ ‘నిజంగా కట్టానా’ అనే స్థితికి వస్తాడు. చూసుకోవడం వల్ల నిశ్చయం పెరగకపోగా తరుగుతోంది. నాన్నని అయిదోసారి అడిగిన కుర్రాడికి, మొదటిసారి నాన్న ఏమన్నాడో కూడా గట్టిగా గుర్తుండదు. "ఆయన సరిగ్గా విన్నాడా? నేను కుదుపు గురించి పూర్తిగా చెప్పానా?" అని ఆరోసారి అడుగుతాడు.

ఒట్టు పెరిగే దారి

ఇక్కడ మన ఇళ్ళకే సొంతమైన ఒక విషయం చెప్పుకోవాలి. మామూలు మాట సరిపోనప్పుడు మనకి ఒట్టు ఉంది. "ఏం కాలేదు" చెల్లకపోతే "ఒట్టు." అది చెల్లకపోతే "నా మీద ఒట్టేసి చెప్పు." తర్వాత తల మీద చెయ్యి పెట్టించుకోవడం, పిల్లల మీద ఒట్టు, ఆ పైన దేవుడి పటం ముందు నిలబెట్టి ప్రమాణం. ఒక్కో మెట్టుకీ ధర పెరుగుతుంది, అది పని చేసే సమయం తగ్గుతుంది. నిరుడు ‘అవును’ అంటే పూటంతా సరిపోయేది. ఇప్పుడు పిల్లాడి తల మీద చెయ్యి పెట్టినా గంట ఆగట్లేదు.

ఆ తర్వాత కొత్త అనుమానం పుడుతుంది. "నన్ను ఊరుకోబెట్టడానికి మా ఆయన తెలీకుండా అబద్ధపు ఒట్టు వేశాడేమో. పిల్లాడికేమైనా అయితే కారణం నేనే కదా." ఇప్పుడు పాత భయానికి తోడు ఒట్టు తీయించుకోవాలన్న కొత్త కంపల్షన్. జబ్బుని ఊరుకోబెట్టడానికి ఇచ్చిన భరోసాయే జబ్బుకి కొత్త గది కట్టిచ్చింది. ఓసీడీ ఉన్నవాళ్ళింట్లో ముందుగా మానాల్సింది ఒట్లేనని నా అభిప్రాయం. మిగతావి మెల్లగా తగ్గించుకోవచ్చు.

అడగడానికి ఎదుటి మనిషే ఉండక్కర్లేదు. ఫోన్ చేసి ఏమీ అడక్కుండా అమ్మ గొంతు మామూలుగా ఉందో లేదో వినడం, తప్పేమీ చెయ్యకపోయినా ‘నీకు చెప్పేస్తే భారం దిగుతుంది’ అని భార్యకి ప్రతి చెడు ఆలోచననీ ఒప్పజెప్పడం, రాత్రి రెండింటికి గూగుల్‌లో వెతకడం, ఒక డాక్టర్ బాగానే ఉందన్నాక రాజమండ్రిలో ఇంకో డాక్టర్, కాకినాడలో ఇంకో స్కానింగ్. పంచాంగం చూసే సిద్ధాంతి గారిని వారం తిరక్కుండానే మళ్ళీ అదే దోషం గురించి అడగడమూ ఈ కోవలోదే. చాట్‌బాట్లు వచ్చాక ఇంకొంచెం తేలికైంది. అవి విసుక్కోవు, అర్ధరాత్రీ జవాబిస్తాయి. ఓసీడీకి అంతకంటే ఏం కావాలి.

అలాగని ప్రతి ప్రశ్నా జబ్బు కాదు. కొత్త మందు వేసుకున్నాక కళ్ళు తిరుగుతుంటే డాక్టర్‌ని అడగడం విషయం తెలుసుకోవడమే. జవాబు వస్తే ఆ ప్రశ్న మూతపడుతుంది. ఓసీడీ ప్రశ్నకి జవాబు ముందే తెలుసు. అడిగేవాడికి కావలసింది సమాచారం కాదు, కడుపులో గుబులు దిగడం. తనకి ఇలాంటి జబ్బుందని, అందులో ఇలాంటి ఆలోచనలు మామూలేనని మొదటిసారి డాక్టర్ నోట విన్నప్పుడు కలిగే ఊరట కూడా మంచిదే. అది చదువు. అదే మాటని ప్రతి అపాయింట్‌మెంట్‌లో అయిదుసార్లు చెప్పించుకుంటే అప్పుడు ఆలోచించాలి.

తనతో తాను మాట్లాడుకోవడం, రెండు రకాలు

మళ్ళీ గట్టు మీదికి వెళ్దాం. కుర్రాడు ఇప్పుడు చికిత్సలో ఉన్నాడు, నాన్నని అడగకూడదని నిర్ణయించుకున్నాడు. కుదుపు వచ్చింది. తనకి తాను ఇలా చెప్పుకున్నాడు: "గుద్ది ఉంటే పెద్ద చప్పుడు వచ్చేది. హ్యాండిల్ తిరిగిపోయేది. మొన్న కూడా ఇలాగే అనుకున్నాను, ఏం కాలేదు. నేను జాగ్రత్తగానే నడుపుతాను. కాబట్టి ఏం అయి ఉండదు."

ఇది సెల్ఫ్ కోచింగ్ అనిపిస్తుంది. కాదు. నాన్న సీట్లో తనే కూర్చుని తనకే ఒట్టు వేసుకుంటున్నాడు. గట్టు మీద ప్రయాణాన్ని మనసులో వెనక్కి తిప్పి మళ్ళీ చూస్తున్నాడు. అది బండి వెనక్కి తిప్పడానికి ఏమీ తీసిపోదు, పైగా పెట్రోలు ఖర్చు కాదు కాబట్టి వందసార్లు తిప్పొచ్చు. ఇంట్లోవాళ్ళకి మాత్రం ‘మావాడు అడగడం మానేశాడు, తగ్గింది’ అనిపిస్తుంది. చికిత్సలో చాలామంది ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే. బయటి కంపల్షన్లు తగ్గుతాయి, లోపలివి రెట్టింపవుతాయి.

ఇప్పుడు ఇంకో రకం వినండి: "మళ్ళీ ఆ అనుమానం వచ్చింది. గుండె దడదడలాడుతోంది. గుద్ది ఉండొచ్చు, గుద్దకపోయి ఉండొచ్చు, దాన్ని ఇప్పుడు తేల్చను. బండి వెనక్కి తిప్పను. ఇంటికెళ్ళి స్నానం చేసి, చద్దన్నం తిని పడుకుంటాను. దడ ఉంటే ఉండనీ."

ఇందులో ఎక్కడా అనుమానానికి జవాబు లేదు. ‘ఏమైంది?’ అన్న ప్రశ్నని అలాగే వదిలేసి, ‘ఇప్పుడు నేనేం చేస్తాను?’ అన్నదానికి మాత్రమే జవాబు ఉంది. నాకు తెలిసినంతలో గీత ఇదే. మాట ఎవరు అన్నారు, ఎంత మెత్తగా అన్నారు, ఎంత పాజిటివ్‌గా ఉంది అన్నవి దీని ముందు లెక్కలోకి రావు.

దీన్ని పట్టుకోవడానికి ఇంకో గుర్తు కూడా ఉంది. కోచింగ్ మాట ఒకసారి అనుకుని పనిలోకి దిగడానికి. భరోసా మాట మనసు ‘హమ్మయ్య’ అనేదాకా తిప్పి తిప్పి అనుకోవడానికి. చెప్పుకున్నాక టెన్షన్ తగ్గిందా లేదా అని మీరు లోపలికి తొంగి చూసుకుంటున్నారంటే, ఎంత మంచి వాక్యమైనా అది భరోసాగా మారిపోయిందన్నమాటే.

అందుకే ఒకే వాక్యం ఒకరికి మందు, అదే మనిషికి మర్నాటికి మేత అవుతుంది. అమెరికా సైకియాట్రిస్ట్ జెఫ్రీ ష్వార్ట్జ్ 1990లలో ప్రచారంలోకి తెచ్చిన నాలుగు మెట్ల పద్ధతిలో మొదటిది, వచ్చిన ఆలోచనని ‘ఇది ఓసీడీ’ అని గుర్తించడం. తర్వాత అది మెదడు చేస్తున్న పని అని తెలుసుకోవడం, దృష్టిని ఒక పని మీదికి మళ్ళించడం, చివరికి ఆ ఆలోచనకి విలువ తగ్గించడం. ఆ మొదటి మెట్టు చాలామందికి ఉపయోగపడింది. అయితే ఓసీడీ తెలివి తక్కువది కాదు. కొన్నాళ్ళకి ‘ఇది ఓసీడీయే కదా? నిజం కాదు కదా? ఇది ఓసీడీయే’ అని జపం మొదలవుతుంది. ‘నాకు ఓసీడీ లేదేమో, నిజంగానే చెడ్డవాడినేమో, డాక్టర్ పొరబడ్డాడేమో’ అన్నది దాని తర్వాతి ఎత్తు. అప్పుడు ఆ మెట్టు మీదే నిలబడిపోకుండా, ‘ఓసీడీ అయినా కాకపోయినా నేను చెయ్యాల్సింది ఇదే’ అని పనిలోకి వెళ్ళిపోవాలి.

సెల్ఫ్ కోచింగ్ వెనక ఉన్న చికిత్స పేరు ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్, పొట్టిగా ఈఆర్‌పీ. భయపెట్టేదానికి ఎదురుగా నిలబడడం, ఆ వెంటనే చేసే కంపల్షన్‌ని చెయ్యకుండా ఆగడం. 1966లో విక్టర్ మేయర్ లండన్‌లో ఇద్దరు రోగుల మీద చేసిన ప్రయత్నంతో దీనికి పునాది పడింది. అప్పట్లో నర్సులు పక్కనే ఉండి, రోగిని కడగకుండా ఆపేవారు. ఇప్పుడు ఎవరూ బలవంతంగా ఆపరు. ఆగాలన్న నిర్ణయం రోగిదే, మెట్లు ఎంచుకునేదీ రోగే. నర్సు నిలబడిన ఆ చోట ఇప్పుడు నిలబడేది మనిషి సొంత గొంతు. సెల్ఫ్ కోచింగ్‌కి అంత ప్రాముఖ్యం వచ్చింది ఇందుకే.

మన టీవీల్లో, వీడియోల్లో వినిపించే ‘నెగెటివ్ ఆలోచనలు రానివ్వకండి’ అన్న సలహా మాత్రం ఓసీడీకి పనికిరాదు, నిజానికి చేటు. ఒక తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించకండి అని చెబితే జనం దాన్నే తలుచుకుంటూ కూర్చుంటారని డానియల్ వెగ్నర్ 1987లోనే ప్రయోగం చేసి చూపించారు.

కత్తిపీట, మడి, గుడి

కాన్పుకి పుట్టింటికి వచ్చిన అమ్మాయి. బిడ్డ పక్క మీద ఉంది, వాళ్ళమ్మ వంటింట్లో కత్తిపీట మీద కూర తరుగుతోంది. అమ్మాయికి ఒక భయంకరమైన ఆలోచన తగులుతుంది, ఒళ్ళు జలదరిస్తుంది. ఆ రోజు నుంచి కత్తిపీట అటక ఎక్కుతుంది. "అమ్మా, నేను అలాంటిదాన్ని కాదు కదా?" "ఛ, ఊరుకో, నీలాంటి తల్లి ఎవరుంటారు" అంటుంది తల్లి. ఎంత సహజమైన మాట! అయినా రోజుకి ఇరవైసార్లు అనాల్సి వస్తే అది బిడ్డనీ తల్లినీ వేరుచేస్తుంది. భయంతో ఆ అమ్మాయి బిడ్డని ఎత్తుకోవడమే మానేస్తుంది. ఇక్కడ కోచింగ్ మాట, "ఆ ఆలోచన వచ్చింది. నాకు అసహ్యంగా ఉంది. పాపకి పాలు పట్టే టైమయింది, పడతాను." కత్తిపీటని కిందికి దించడం సైకాలజిస్ట్‌తో కలిసి వేసుకున్న వరసలో, దాని వంతు వచ్చినప్పుడు.

ఒక జాగ్రత్త తప్పకుండా చెప్పాలి. ఓసీడీలో ఆ ఆలోచన తల్లిని హడలెత్తిస్తుంది. అలా కాక, కాన్పయ్యాక మనిషి నిద్రలేకుండా ఏదేదో మాట్లాడుతున్నా, చెవుల్లో గొంతులు వినపడుతున్నాయన్నా, బిడ్డని ఏదో చెయ్యడమే సరైనదని నమ్ముతున్నా అది వేరే జబ్బు, అత్యవసరం. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

మడి సంగతి ఇంకా మెలికలు తిరిగింది. కోనసీమలో ఇప్పటికీ మడి కట్టుకుని వంట చేసే ఇళ్ళున్నాయి. అంటు, ఎంగిలి, మైల పట్టింపులు ఒక్కో ఇంట్లో ఒక్కో మోతాదులో ఉంటాయి. ఓసీడీ ఉన్నవాళ్ళని ‘చాదస్తం’ అని కొట్టేయడమూ, లేదా ‘ఎంత నిష్ఠో’ అని మెచ్చుకోవడమూ రెండూ చూస్తాం. ఆచారాన్ని జబ్బు అనడం నాకు ఇష్టం లేదు, అది నిజమూ కాదు. ఆచారానికి ముగింపు ఉంటుంది. స్నానం చేసి తడిబట్ట కట్టుకుంటే మడి వచ్చినట్టే, భోజనాలయ్యాక విడిచినట్టే. జ్వరం వచ్చినవాళ్ళకీ ముసలివాళ్ళకీ పిల్లలకీ సడలింపు ఉంటుంది. ఓసీడీకి ఈ రెండూ ఉండవు. నాలుగోసారి తలమీద నీళ్ళు పోసుకున్నా ‘తగిలిందేమో’ తీరదు. ఇంట్లో అందరికంటే మడి ఎక్కువ పాటించే పెద్దావిడే ‘ఇక చాలమ్మా’ అంటున్నా ఆగలేకపోతుంటే, అది ఆచారం గీత దాటిందని తెలుసుకోవచ్చు.

గుళ్ళో నిలబడగానే దేవుడి గురించి రాకూడని మాట మనసులోకి వచ్చేవాళ్ళున్నారు. ద్రాక్షారామం వెళ్ళాలంటేనే భయపడి మానేస్తారు. పూజారి గారిని ‘పాపమా?’ అని అడుగుతారు, ఆయన ‘మనసుకి వచ్చింది పాపం కాదు నాయనా’ అంటారు. మొదటిసారి ఆ మాట విలువైనదే. పదోసారి ఆయన దగ్గరికి వెళ్ళే బదులు, ఆ మాట మనసులో మోగుతుండగానే ప్రదక్షిణ పూర్తి చేసి ప్రసాదం తీసుకుని ఇంటికి రావడం చికిత్స అవుతుంది. ప్రాయశ్చిత్తంగా ఇంకో ప్రదక్షిణ చెయ్యకుండా రావడం అందులో ముఖ్యమైన ముక్క.

జవాబు చెప్పకపోవడం మర్యాదేనా?

గోదావరి జిల్లాల్లో అడిగినదానికి పలకకపోవడం కంటే పెద్ద అమర్యాద లేదు. అలాంటి చోట ‘భరోసా ఇవ్వకండి’ అని ఇంట్లోవాళ్ళకి చెబితే, వాళ్ళకి అది కన్నబిడ్డని గాలికి వదిలెయ్యమన్నట్టు వినిపిస్తుంది. ఇంటర్నెట్‌లో చదివేసి ఒక్కరోజులో జవాబులన్నీ బంద్ చేసే తల్లిదండ్రులు కూడా ఉంటారు. అది క్రూరత్వమే అవుతుంది, ఫలితమూ ఉండదు. కుర్రాడు నాన్నని వదిలి బాబాయిని అడుగుతాడు.

ముందు మనిషి కాస్త నెమ్మదిగా ఉన్న వేళ కూర్చుని మాట్లాడుకోవాలి. నేను అడిగినప్పుడు మీరు ఏమనాలి అన్నది జబ్బు ఉన్న మనిషే చెప్పాలి. ఉదాహరణకి తండ్రి మాట ఇలా ఉండొచ్చు: "ఒరే నాన్నా, ఇది మనం అనుకున్న ఆ ప్రశ్నలా ఉంది. దానికి జవాబు చెప్పనురా. నీకు కష్టంగా ఉందని తెలుస్తోంది. రా, అరుగు మీద కూర్చుందాం, టీ తాగుదాం." ఇందులో ప్రేమ ఎక్కడా తగ్గలేదు. జవాబు ఒక్కటే లేదు. ‘నీకు కష్టంగా ఉంది’ అనడం తోడు ఉండడం. ‘నువ్వు గుద్దలేదు’ అనడం అనుమానంతో వాదనకి దిగడం, ఆ వాదనలో ఇంతవరకూ ఎవరూ గెలవలేదు.

మొదటి రోజుల్లో అడగడం పెరుగుతుంది. కోపాలు, ఏడుపులు, ‘నీకు నామీద ప్రేమ లేదు’ అనడాలు కూడా. ఆ దెబ్బకి తట్టుకోలేక నాలుగో రోజు జవాబు చెప్పేస్తే, ఇంకొంచెం గట్టిగా ఏడిస్తే దొరుకుతుందని జబ్బు నేర్చుకుంటుంది. అందుకని అన్నీ ఒకేసారి మానే బదులు, నిలబెట్టుకోగలిగిన ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టడం మేలు. తండ్రి ఓ రోజు పొరపాటున ‘ఏం కాదులేరా’ అనేస్తే కొంప మునిగిపోదు. ‘భరోసా ఇచ్చేశానేమో, వీడి జబ్బు పెంచేశానేమో’ అని ఆయన కొత్త చాదస్తం పెట్టుకోకుండా ఉంటే చాలు.

చనిపోవాలనిపిస్తోంది అని మనిషి చెబితే ఈ నియమాలేవీ వర్తించవు. ‘ఇది ఓసీడీ ప్రశ్న, జవాబు చెప్పను’ అనకూడదు. పూర్తిగా వినాలి, ఒంటరిగా వదలకూడదు, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి.

మందులు, డాక్టర్లు

ఓసీడీ అరుదైన జబ్బు కాదు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 12 రాష్ట్రాల్లో జరిగిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవాళ్ళలో నూటికి 0.8 మందికి ఆ సమయంలో ఉన్నట్టు తేలింది. ఫ్లూఆక్సిటిన్, సెర్ట్రలిన్, ఫ్లూవోక్సమిన్ లాంటి మందులు దీనికి వాడతారు. డిప్రెషన్‌కి ఇచ్చేదానికంటే తరచూ ఎక్కువ మోతాదు కావాలి, గుణం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పట్టొచ్చు. రెండు వారాలకే ‘పని చెయ్యట్లేదు’ అని మానేసేవాళ్ళు చాలామంది. మందు టెన్షన్ హోరు తగ్గిస్తే, ఈఆర్‌పీ చెయ్యడం కాస్త సాధ్యమవుతుంది. మందు వాడుతున్నామంటే సెల్ఫ్ కోచింగ్‌లో ఓడిపోయినట్టు కాదు.

కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఎక్కడినుంచైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. ఈఆర్‌పీ నేర్పే సైకాలజిస్టులు మన జిల్లాల్లో ఇంటి దగ్గర దొరకడం కష్టం, ఆన్‌లైన్‌లో దొరికేవాళ్ళని వెతుక్కోవాల్సి రావచ్చు. వెతికేటప్పుడు ‘ఓసీడీకి ఈఆర్‌పీ చేయిస్తారా?’ అని సూటిగా అడగడం మంచిది. కౌన్సెలింగ్ పేరుతో ప్రతి వారం గంటసేపు ‘మీరు మంచివారు, మీరేం తప్పు చెయ్యలేదు’ అని చెప్పి పంపించేవాళ్ళూ ఉన్నారు. అది డబ్బు కట్టి కొనుక్కున్న ‘ఏం కాదులే’.

డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు చాలామంది చేతులు కడగడం, తాళాలు చూసుకోవడం చెప్పి వచ్చేస్తారు. అడగడం గురించి చెప్పరు, అది జబ్బులో భాగమని తెలియక. మనసులో తిప్పి చూసుకోవడం గురించి అసలే చెప్పరు. రోజుకి ఎన్నిసార్లు ఎవరిని అడుగుతున్నారు, జవాబు ఎంతసేపు నిలుస్తోంది, అడగనప్పుడు లోపల ఏం జరుగుతోంది అన్నవి కాగితం మీద రాసుకుని వెళ్తే ఆ పది నిమిషాల అపాయింట్‌మెంట్ బాగా ఉపయోగపడుతుంది. తోడు వెళ్ళేవాళ్ళు కూడా గది బయట బెంచీ మీద ఉండిపోకుండా, డాక్టర్ అనుమతి అడిగి ఒకసారి లోపలికి వెళ్ళి మాట్లాడితే మంచిది. ఎక్కువ ఇళ్ళల్లో ఆ ప్రశ్నకి జవాబు చెబుతున్నది వాళ్ళే.